మెట్టు దిగడం

ముప్పై ఒక్కేళ్లుగా నా పని జనాన్ని కొండెక్కించడం.
వాల్పరాయిసోలో, రేవు మీదికి వంగిన ఓ కొండకి
ఇనప తాళ్లు కట్టిన రెండు చెక్క పెట్టెలు.
ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కుతుంది.
పైన చక్రాల గదిలో నేను,
నా ఆకారానికే గుంటపడ్డ కుర్చీలో.
లీవరు లాగడానికి ఒక్క చెయ్యి చాలు.
రెండో చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది,
ఎక్కువగా జున్ను కూరి వేయించిన ఎంపనాడా.

పెట్టె తలుపు మీద ఇత్తడి రేకు:
"పదిమంది, లేదా ఏడువందల కిలోలు."
మైటే మూడో తరగతి. భాగహారం కొత్తగా వచ్చింది.
ఓ సోమవారం పొద్దున రేకు చదివి, నన్నూ చదివి,
"డాన్ కుస్తోదియో, మీరెక్కితే ఎంతమంది దిగాలి?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నా నవ్వు ఆగిపోయాక కూడా
పొట్ట కాసేపు నవ్వుతూనే ఉంది.

రాత్రి టిక్కెట్టు వెనక లెక్క వేశాను.
నూటపద్దెనిమిదిని డెబ్బైతో భాగిస్తే
కాస్త అటూ ఇటూగా ఒకటీ ముప్పాతిక.
ఒకణ్ణి నేను, సరే.
ఆ ముప్పాతిక మనిషెవడు?
ఎప్పుడెక్కాడు? టిక్కెట్టు కొన్నాడా?
నా మోకాళ్ల మీద కూర్చుని
ఏ స్టేషన్‌లోనూ దిగకుండా ఇన్నేళ్లు ఎలా వచ్చాడు?

"ఒళ్లు దగ్గర పెట్టుకో" అనేది ఒతీలియా, పెళ్లయిన కొత్తలోనే.
నేను పెట్టుకోలేదు.
అది నాకంటే ముందు గుమ్మం దాటుతోంది,
నాకంటే ముందే బల్లని తాకుతోంది.
ఆస్పత్రిలో డాక్టరమ్మ తిట్టలేదు.
చక్కెర అంకె రాసి, కాగితం నావైపు తిప్పి,
కలం మూత పెట్టింది. ఆ చప్పుడు చాలింది.

దుకాణంలో బిస్కత్తు పొట్లాలకి నల్లటి ముద్రలుంటాయి,
ఎనిమిది మూలలవి, చక్కెర ఎక్కువ, కొవ్వు ఎక్కువ అని.
రొట్టెకి ఏ ముద్రా లేదు కనక
దాన్ని చుట్టంలా ఇంట్లో పెట్టుకున్నాను.
మర్రకేతా రొట్టెని విరిస్తే నాలుగు ముక్కలవుతుంది.
ఇప్పుడు సాయంత్రం టీలోకి రెండే.
మిగతా రెండూ గుడ్డలో చుట్టుకుని
అర్ధరాత్రి నన్ను పేరుపెట్టి పిలుస్తాయి.
అబద్ధమెందుకు, రెండుసార్లు పలికాను.

నా పెట్టెల పక్కనే మెట్లున్నాయి.
రెండువందల పన్నెండు.
వాటి మీద నడిచేవాళ్లని పోటీదారుల్లా చూసేవాణ్ణి.
"ఒక్క మెట్టయినా దిగవు కదా" అనేది ఒతీలియా,
ప్రతి పోట్లాటలోనూ.
మొన్న మంగళవారం దిగాను. మొత్తం అన్నీ.
ఎవరికీ చెప్పలేదు. కిందికి కాబట్టి సులువనుకున్నాను.
తొంభయ్యో మెట్టు దగ్గర తొడలు వణికాయి.
కింద రేవులో ఓడ కూసింది, నా కోసం కాదు.

బుధవారం ఎక్కాను.
నలభై మెట్లకోసారి గోడ పట్టుకున్నాను.
ఓ వీధికుక్క ముందు నడిచి, ఆగి, వెనక్కి చూసి,
ఇక లాభం లేదని పడుకుంది.
నేనూ దాని పక్కనే కూర్చున్నాను.
అప్పుడు చూశాను, ముప్పై ఒక్కేళ్లలో మొదటిసారి,
నా పెట్టెని బయటినుంచి.
ఎంత నెమ్మదిగా పోతుందో!
ఆకుపచ్చ రంగు ఎక్కడెక్కడ పెచ్చులూడిందో.
లోపల మైటే ముక్కు అద్దానికి నొక్కి నన్ను చూసింది.
నేను చెయ్యెత్తాను. రొప్పుతూనే.

గురువారం పొగమంచు. పెట్టెలోనే వెళ్లాను.
పొగమంచుకీ మెట్లకీ సంబంధమేంటని
నన్నెవరూ అడగలేదు. నేనే అడుక్కున్నాను.

ఇప్పటికి నాలుగు కిలోలు.
కుర్చీలో గుంట అలాగే ఉంది,
అందులో ఓ పక్కకి చిన్న ఖాళీ, వేలు పట్టేంత.
ముప్పాతిక మనిషి ఇంకా దిగలేదు.
సామాన్లు మాత్రం సర్దుకుంటున్నాడు,
మాటిమాటికీ కిటికీలోంచి చూస్తూ,
తరవాత స్టేషనేమిటని నన్నడుగుతూ.
చెప్పను.
ఈ పూట ఎంపనాడా వాసన వస్తోంది ఎక్కణ్ణించో.
బూట్ల తాడు వంగి కట్టుకుంటున్నాను,
ఊపిరి బిగబట్టకుండా.